షీల్డు వెనక్కి ఇస్తున్నాను: క్రిస్మస్ అలంకరణ పోటీ గురించి మన సంఘానికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, ముఖ్యంగా క్యారల్స్ తిప్పే యవ్వనస్థుల కూటమి పిల్లలకు,

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

నన్ను మీలో చాలామంది ఎరుగుదురు. బళ్లో ముప్పయ్యొక్క ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన టీచరమ్మని. ఆదివారం ఆరాధనలో ఆడవాళ్ల వైపు మూడో బల్ల చివర కూర్చుంటాను. ఈ మాట సంఘ మీటింగులో చెప్పొచ్చు కదా, ఇలా నలుగురూ చదివేలా రాయడమెందుకు అని మీకు అనిపించొచ్చు. మీటింగులో చెప్పాను. రెండుసార్లు. "చూద్దాం టీచరమ్మా" అన్నారు. చూస్తూ ఉండగానే రెండు క్రిస్మస్‌లు వెళ్లిపోయాయి. ఇప్పుడు నవంబరు మొదలైంది. ఇంకో మూడు వారాల్లో బజార్లో స్టార్లు వేలాడతాయి. ఆ తర్వాత ఎవరికి చెప్పినా వినబడదు.

నేను అడిగేది యవ్వనస్థులు ఇంటింటికీ తిరిగి పాడే మన క్యారల్స్ రౌండ్లో, బాగా అలంకరించిన ఇంటికి బహుమతిగా ఇచ్చే షీల్డు గురించి. దాన్ని ఎత్తేయమనడం లేదు. దేనికి మార్కులు వేస్తున్నామో ఒకసారి కూర్చుని మాట్లాడుకుందామంటున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. 2019లో ఆ షీల్డు నాకే వచ్చింది. నాలుగు పెద్ద థర్మోకోల్ షీట్లు కొని, మా అబ్బాయి చేత కోయించి, వరండా నిండా యేసు పుట్టిన పశువుల పాక కట్టించాను. కప్పు మీద మంచు. వెనక కొండల మీద మంచు. గొర్రెల వీపుల మీద కూడా మంచే. సముద్రానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, డిసెంబరు మధ్యాహ్నం కూడా ఫ్యాను వేసుకునే ఊళ్లో, అంత మంచు కురిపించిన ఘనత నాది. బేత్లెహేములోనే ఎప్పుడో గానీ పడదు. మీరంతా వచ్చి పాడారు, ఫొటోలు తీసుకున్నారు, నేను పొంగిపోయాను. జనవరి 2న ఆ పాకంతా విరిచి గేటు బయట పెట్టేశాను.

తర్వాతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే ఒక అక్క పలకరించింది. మునిసిపాలిటీలో పారిశుధ్య పని చేస్తుంది, మన సంఘ సభ్యురాలే. నవ్వుతూనే అంది: "మీ పాక భలే ఉందంట గదా టీచరమ్మా. నేను క్యారల్స్‌కి రాలేదు గానీ, మోసింది మాత్రం నేనే. ఆ తెల్ల గుండ్లు చీపురికి రాలేదమ్మా. గాలికి లేచి కాలవలో పడినయ్."

ఆమె ఎత్తిపొడవాలని అనలేదు. ఆ రోజు వాక్యం ఏమి చెప్పారో నాకు గుర్తు లేదు. ఈ మాట గుర్తుంది.

మన సంఘంలో ఆ పని చేసే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. క్రిస్మస్ పొద్దున కొత్త చీర కట్టుకుని మన పక్కన కూర్చున్న మనిషే, పది రోజులు తిరక్కుండా మన తళుకు దండలు, పగిలిన రంగు బంతులు, పేలిన బెలూన్లు, కేకు కింది అట్టలు చేత్తో ఏరుతుంది. ఊళ్లో ఎవరి పండగ చెత్తయినా వాళ్లే ఎత్తుతారు, నిజమే. వినాయకుడి పందిళ్లదీ, పెళ్లిళ్లదీ, లీడర్ల ఫ్లెక్సీలదీ. వాళ్లందరికీ నేను ఉత్తరాలు రాయలేను. ఇది మన ఇంటి సంగతి.

థర్మోకోల్ గురించి సైన్సు టీచరుగా రెండు ముక్కలు చెబుతాను, ఓపిక పట్టండి. అది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్కే. ఉబ్బించి గాలి నింపారు కాబట్టి తేలిగ్గా ఉంటుంది. తేలిక కాబట్టే పాత సామాన్ల బండివాడు కొనడు, బండి నిండినా పెద్దగా బరువు తూగదు. మట్టిలో కుళ్లదు, నీళ్లలో కరగదు, విరిగి విరిగి గుండ్లవుతుంది. అలంకరణకు థర్మోకోల్ వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం పెట్టింది. ప్లాస్టిక్ జెండాలు, బెలూన్లకు కట్టే ప్లాస్టిక్ పుల్లలు, వంద మైక్రాన్లకంటే పలచని పీవీసీ బ్యానర్లు, స్వీటు డబ్బాల మీద చుట్టే పలచటి పొర కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. అంటే నేను షీల్డు తీసుకున్ననాటికి నిషేధం లేదు. ఆ తర్వాత మీరు ఇచ్చిన షీల్డుల్లో కనీసం రెండు నిషేధించిన సరుకుతో కట్టిన పాకలకే వెళ్లాయి. ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

తళుకు దండలది ఇంకో బాధ. ఎక్కువగా అవి పీవీసీ లాంటి ప్లాస్టిక్ పొర మీద మెరుపు పూత పూసినవి. కొత్త సంవత్సరం వెళ్లాక వీధి చివర ఖాళీ స్థలంలో కుప్ప పోసి అంటిస్తాం. చలికాలం కదా, పిల్లలు చుట్టూ చేరి చేతులు కాచుకుంటారు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, గొంతు పట్టేసి దగ్గించేది అదే. డయాక్సిన్లనే విషాలూ పుడతాయి. గ్రీటింగ్ కార్డుల మీద, నక్షత్రాల మీద చల్లే గ్లిట్టర్ పొడి కూడా సన్నగా తరిగిన ప్లాస్టిక్కే. యూరప్‌లో విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిట్టర్‌ని 2023 అక్టోబరు నుంచి ఆపేశారు. క్రిస్మస్‌కి చెట్టు పెట్టే అలవాటు వచ్చింది వాళ్ల దగ్గర నుంచే. వాళ్లు మానుకుంటున్నది మనం మొదలుపెడుతున్నాం.

2023 డిసెంబరు 5 గుర్తుందా? మిగ్‌జాం తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికే సగం ఇళ్లకు స్టార్లు కట్టేశారు. మర్నాడు మా వీధి కాలవ పొంగితే, తూము దగ్గర చెయ్యి పెట్టి లాగిన కుర్రాడికి వచ్చినవి ఎర్ర ప్లాస్టిక్ స్టారు ముక్కలు, సీరియల్ సెట్ల వైర్లు. వరి పోయి రైతులు ఏడుస్తుంటే ఇదొక పెద్ద సంగతా అని ఆ రోజు నేనే అన్నాను. ఇప్పటికీ ఆ వరి ముందు ఇది చిన్న సంగతే. కానీ వరి మన చేతిలో లేదు, స్టారు ఉంది.

ఇక స్టారు గురించి. నేను అసలు రాయాలనుకున్నది ఇదే.

మన చిన్నప్పుడు స్టారు కొనేవాళ్లం కాదు, కట్టేవాళ్లం. మేదరి ఇంటికి వెళ్లి వెదురు బద్దలు తెచ్చేవాళ్లు. ఐదు బద్దలతో ఒక చుక్క, ఇంకో ఐదింటితో మరో చుక్క. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనల దగ్గర నూలు దారంతో బిగించి కట్టాలి. మన ఊళ్లో దారానికి కొదవా, ప్రతి మగ్గం కింద తెగిన పోగులు దొరుకుతాయి. మధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల జానెడు పుల్లలు అడ్డం పెడితే స్టారుకి పొట్ట వస్తుంది. పైన గాలిపటాల కాగితం, మైదా ఉడికించిన జిగురు. లోపల దీపం పెట్టడానికి ఒక మూల అంటించకుండా వదిలేస్తారు. మా నాన్న చిన్నతనంలో లోపల బుడ్డి దీపం పెట్టేవాళ్లట. రెండు మూడు స్టార్లు భగ్గుమన్న కథలు కూడా ఆయన దగ్గర ఉండేవి. ఇప్పుడు ఆ భయం లేదు. చిన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే సరి, కాగితం మాడేంత వేడి ఎక్కదు.

మా అటక మీద మా నాన్న 1988లో కట్టిన చట్రం ఇంకా ఉంది. మంచుకు కాగితం మెత్తబడి చిరిగితే కాగితం మారుస్తాం, బద్దలు అలాగే ఉంటాయి. ఒక బద్ద 2004లో పురుగు తిని మార్చాం. అంతే ఖర్చు. సిగ్గుపడాల్సిన మాట ఏమిటంటే, 2019లో షీల్డు వచ్చినప్పుడు ఆ చట్రాన్ని కిందికి దించనే లేదు. పాతదిగా కనిపిస్తుందని.

మన బాప్టిస్టులకు నక్షత్రంతో ఇంకో చుట్టరికం ఉంది, పిల్లలకు తెలియదు. 1853లో అమెరికాలో మిషన్ సభ జరిగింది. తెలుగు ప్రాంతంలో పని సాగడం లేదు, మూసేద్దామా అని చర్చ. గోడ మీద పటంలో బర్మా వైపు మిషన్ కేంద్రాలకు గుర్తుగా చాలా నక్షత్రాలు, ఇటు నెల్లూరు దగ్గర ఒక్కటే. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే ఆయన ఆ ఒంటరి నక్షత్రం మీద పద్యం రాసి చదివారు. మూసేయాలన్న మాట ఆగిపోయింది. మన మిషన్‌కి 'లోన్ స్టార్ మిషన్' అన్న పేరు అలా వచ్చింది. ఆ తర్వాత అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఒంగోలు రావడం, 1876-78 నాటి ధాత కరువు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం మీకు తెలిసిన కథే. ఆ కరువులో ఆకలితో ఉన్నవాళ్లకి కూలి దొరకాలని క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. మనలో చాలామంది తాతముత్తాతలు ఆ కాలవలో మట్టి మోసినవాళ్లు. గంజి నీళ్లు కూడా పారబోయని మనుషులు. వాళ్ల మనవళ్లం మనం జనవరి రెండుకల్లా ఏకంగా పాకల్నే పారేస్తున్నాం. ఆ మాట అనాలనిపించింది, అనేశాను.

చెట్టు సంగతి కూడా మనకు ఎప్పుడో తేలిపోయింది. మన తీరం పొడుగునా రైతులు సరుగుడు వేస్తారు. నాలుగైదేళ్లకు కొట్టి మొద్దులు కాగితం మిల్లుకు, గుంజలు తాపీ పనివాళ్లకు పంపుతారు. చివరి కొమ్మలు పొయ్యిలోకే. ఆ కొమ్మ ఒకటి అడిగి తెచ్చి, తడి ఇసుక నింపిన బకెట్‌లో నిలబెడితే పది రోజులు పచ్చగా ఉంటుంది. అమెరికా సినిమాల్లో చెట్టులా గుబురుగా ఉండదు. సన్నగా, కాస్త వంగి, మన పిల్లల్లాగే ఉంటుంది. పండగయ్యాక పొయ్యిలోకి ఎలాగూ పోయేదే. ఒక్క జాగ్రత్త: సముద్రం ఒడ్డున గాలికి అడ్డంగా అటవీ శాఖ పెంచిన తోపుల్లో కొమ్మ విరవకండి. రైతు దగ్గరో అడితి దగ్గరో అడిగి తెచ్చుకోండి. పదో ఇరవయ్యో అడుగుతారు, ఇవ్వండి.

ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టు ఉన్నవాళ్లు దాన్ని పారేసి సరుగుడు కొమ్మ తెచ్చుకుంటే నేను ఒప్పుకోను. అది ఇంకా తప్పు. బ్రిటన్‌లో కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ లెక్క కట్టింది: ఆరున్నర అడుగుల ప్లాస్టిక్ చెట్టు ఒకటి తయారై ఇంటికి చేరి చివరికి చెత్తలో పడేసరికి 40 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన భారం. పదేళ్లయినా వాడితేగాని దాన్ని కొన్నందుకు ఫలితం దక్కదు. కాబట్టి ఉన్నదాన్ని దులిపి, ఊడిన కొమ్మలకు తీగె చుట్టి, పెట్టుకోండి. వంకరగా నిలబడితే గోడకు ఆనించండి. చూడ్డానికి వచ్చినవాళ్లు నవ్వితే ఈ ఉత్తరం చూపించండి.

లైట్ల గురించి టెన్షన్ అక్కర్లేదు. పాతకాలం వంద బల్బుల సీరియల్ సెట్ సుమారు నలభై వాట్లు తినేది. అదే ఎల్‌ఈడీ ఐదారు వాట్లు. రోజుకి ఆరు గంటల చొప్పున నెలంతా వెలిగించినా ఎల్‌ఈడీ సెట్ ఒక యూనిట్ దగ్గరే ఆగుతుంది, పాతదైతే ఏడు యూనిట్లు. మన బిల్లులో అది ఎక్కడా కనబడదు. గొడవంతా కరెంటుతో కాదు, ఒక బల్బు పోతే సెట్టంతా పారేయడంతో. ఇవి వరసలో కలిపి ఉంటాయి కాబట్టి ఒకచోట తెగితే ఆ వరసంతా ఆరిపోతుంది. మన సంఘంలో ఎలక్ట్రీషియన్లు ముగ్గురున్నారు. డిసెంబరు మొదటి శనివారం వాళ్లని కూర్చోబెట్టి, పాడైన సెట్లన్నీ తెచ్చుకోమంటే సగానికి పైగా మళ్లీ వెలుగుతాయి. నేను మా ఇంటివి ఆరింట్లో నాలుగు అలా వెలిగించుకున్నాను. మీ పెట్టెలు తీసి చూడండి, దండిగా ఉంటాయి.

పాకకి వరిగడ్డి ఉంది. మన డెల్టాలో కోతలు అయ్యేదే అప్పుడు, కొత్త గడ్డి వాసన ఊరంతా ఉంటుంది. గడ్డితో కప్పిన పాక విప్పిన రోజు గేదె దాన్ని తినేస్తుంది, చీపురు పని కూడా ఉండదు. లోపల బొమ్మలు మట్టివి చేయొచ్చు, పిల్లలు చేస్తే యోసేపు ఎవరో కాపరి ఎవరో తెలియదు, ఏం ఫరవాలేదు. డబ్బున్నవాళ్లు కొనాలనుకుంటే మన ఏటికొప్పాక వాళ్లున్నారు. అంకుడు కర్రతో, లక్కతో, చెట్ల నుంచి తీసిన రంగులతో చేస్తారు. గుండ్రటి బొమ్మలే కాబట్టి దారం కట్టి చెట్టుకు వేలాడదీసినా బాగుంటాయి. నర్సాపురం లేసు చుక్కలు కూడా. మిషనరీలు నేర్పిన అల్లికే అది, మన క్రిస్మస్ చెట్టు మీద మాత్రం కనబడదు. ఒకసారి కొంటే మనవరాళ్ల దాకా వస్తాయి, ఎలకలు కొట్టకపోతే.

ఇంకొకటి. మట్టల ఆదివారం నాడు మనం ఈత మట్టలు, కొబ్బరి మట్టలు పట్టుకుని ఊరేగుతాం. సండే స్కూలు పిల్లలు ఆ ఆకుతో సిలువలు అల్లుతారు. ఆ వేళ్లకే డిసెంబరులో ఆ పని ఎందుకు గుర్తు రాదు? తాటాకుతో చుక్కలు, చిలకలు, గొలుసులు అల్లగలిగిన అమ్మమ్మలు మన స్త్రీల సమాజంలో కనీసం పదిమంది ఉన్నారు. వాళ్లని వంటలకు పిలుస్తాం, అలంకరణ కమిటీలోకి ఎప్పుడైనా పిలిచామా?

మామిడి తోరణం కట్టొచ్చా, గుమ్మంలో ముగ్గు వేయొచ్చా అన్న చర్చ జోలికి నేను పోను. మనలో కట్టేవాళ్లున్నారు, కట్టనివాళ్లున్నారు. ఎవరి మనస్సాక్షి వాళ్లది. బంతిపూల దండకి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పగా వినలేదు.

సెమీ క్రిస్మస్‌లది వేరే గోల. డిసెంబరు మొదటి వారం నుంచి ఆఫీసుల్లో, బళ్లలో, అపార్టుమెంట్లలో, వీధుల్లో ఒక్కో రోజు ఒక్కోటి. ప్రతిదానికీ కొత్త బెలూన్లు, కొత్త బ్యానరు, కొత్త దండలు. సంఘం పేరున ఒక్క ట్రంకు పెట్టె పెట్టి, అందులో గుడ్డ తోరణాలు, కొన్ని మంచి సీరియల్ సెట్లు, ఒక బట్ట బ్యానరు ఉంచితే, ఎవరికి కావాలంటే వాళ్లు సంతకం పెట్టి తీసుకెళ్లి తెచ్చి ఇస్తారు. బ్యానరు మీద సంవత్సరం రాయకండి. అది రాయబట్టే ప్రతి ఏడూ కొత్తది కుట్టించాల్సి వస్తోంది.

ఇప్పుడు పోటీ దగ్గరికి వస్తాను. యవ్వనస్థుల కూటమి పిల్లలూ, మీ మీద నాకు కోపం లేదు, మీలో సగం మంది నా శిష్యులే. కానీ క్యారల్స్ రాత్రి మీరు ఏం చేస్తున్నారో మీకు తెలియకపోవచ్చు. పెద్ద అలంకరణ ఉన్న ఇంటి ముందు మూడు పాటలు పాడతారు, ఫొటోలు తీసుకుంటారు, టీ తాగుతారు. కాగితం స్టారు ఒక్కటి కట్టిన ఇంటి ముందు ఒక చరణం పాడి "హ్యాపీ క్రిస్మస్" అని వెళ్లిపోతారు. టైము లేక అని మీరంటారు. లోపల ఉన్నవాళ్లకి అలా అనిపించదు. కిందటేడు కాలనీలో ఒక ఇంటావిడ డ్వాక్రా అప్పులో రెండువేలు తీసి లైట్లు కొన్నానని నాతో చెప్పింది. పిల్లలు అడుగుతున్నారు, పోయిన ఏడు మన ఇంటి ముందు ఆగలేదు కదమ్మా అని. ఆ రెండువేలూ జనవరిలో మన పారిశుధ్య పని అక్క చెత్త బండిలోనే పోయి ఉంటాయి.

అందుకని ఈసారి మార్కులు ఇలా వేయమని అడుగుతున్నాను. ఇంట్లో వేలాడుతున్నవాటిలో ఎన్ని ఏళ్ల నాటివి ఉన్నాయో అడగండి, పాతదానికి ఎక్కువ మార్కులు. ఇంటివాళ్లు చేత్తో చేసినవి ఏవో అడగండి. పండగయ్యాక ఇదంతా ఎక్కడికి వెళ్తుంది అని అడగండి. గేదె దగ్గరికి, పొయ్యిలోకి, అటక మీదికి అని చెప్పినవాళ్లకి మార్కులు. థర్మోకోల్ ఉంటే ఆ ఇంటిని పోటీ నుంచి తప్పించండి, పాట మాత్రం పాడండి. ఏ ఇంటి ముందైనా పాటల లెక్క ఒకటే ఉండాలి. జడ్జీల్లో ఒకరిగా చెత్త మోసే ఆ అక్కను పెట్టమని నా కోరిక. ఏది ఎంత బరువో ఆమెకు తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. ఆమెను అడిగాను. "నన్నా?" అని నవ్వింది, ఒద్దనలేదు.

అయ్యగారూ, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. డిసెంబరు మొదటి ఆదివారం ప్రకటనల్లో ఈ నియమాలు మీ నోటితో చదవండి. నేను చెబితే టీచరమ్మ చాదస్తం అంటారు. మీరు చెబితే రాసుకుంటారు. బాలయేసును చుట్టిన పొత్తిగుడ్డల మీద ప్రసంగం ప్రతి ఏడూ చెబుతారు కదా, మన తెలుగిళ్లల్లో పొత్తిగుడ్డలంటే అమ్మమ్మ పాత చీర చింపినవేనని కూడా ఒక మాట కలపండి.

నవంబరు ఆఖరి శనివారం మధ్యాహ్నం రెండింటికి సండే స్కూలు గదిలో స్టార్లు కడదాం. మేదరి ఇంట్లో నలభై స్టార్లకు సరిపడా బద్దలకి అడ్వాన్సు ఇచ్చేశాను. గాలిపటాల కాగితం నేను తెస్తాను. మైదా జిగురు స్త్రీల సమాజం వాళ్లు ఉడికించాలి, పల్చగా కాకుండా. కత్తెర, చిన్న చాకు ఎవరిది వాళ్లు తెచ్చుకోండి. బద్దలు చీల్చే పని పిల్లలకు ఇవ్వొద్దు, చేతులు కోసుకుంటారు.

2019 నాటి షీల్డు ఆ రోజే తెచ్చి కమిటీకి అప్పగిస్తాను. కొత్తది కొనకండి. వెనక రేకు మీద నా పేరు గీకేస్తే దాన్నే ఇంకొకరికి ఇవ్వొచ్చు.

మీ సంఘ సభ్యురాలు,
మూడో బల్ల టీచరమ్మ